అప్పా, నేనూ, ఎత్తు బ్రిడ్జీ

విజయనగరంలో మా ఇల్లు రైలు పట్టాలకు ఒకవైపు, మా పనులు మరోవైపు. మధ్యలో ఎత్తు బ్రిడ్జి. నేనూ మా తోడికోడలూ పదహారేళ్ల పాటు రోజూ ఉదయం ఎనిమిదింటికి రెండు సైకిళ్ల మీద ఆ బ్రిడ్జి దాటాం. ఆవిడ నాకంటే ఏడేళ్లు పెద్దది. మా వైపు అక్కను పిలిచినట్టే ఆవిడను 'అప్పా' అంటాను. గంటస్తంభం దగ్గర ఒక టైలరు దుకాణంలో మిషను కుట్టేది. నేను ఇంకాస్త ముందుకు పోయి, ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేస్తాను.

మొదట్లో బ్రిడ్జి తొక్కుతూనే ఎక్కేవాళ్లం. నాకు నలభై దాటాక సగం దాకా తొక్కి దిగిపోయేవాళ్లం. ఈమధ్య మొదలు నుంచీ నెట్టుకుంటూ నడవడమే. పైకి చేరేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయేది. రాత్రి డ్యూటీ చేసి మర్నాడు మళ్లీ పగటి డ్యూటీకి వెళ్లాల్సిన రోజుల్లో, దూరం నుంచి ఆ ఎత్తు కనబడగానే నాకు ఏడుపొచ్చేది.

దిగేటప్పుడు నేను ముందు, అప్ప వెనక. నా సైకిలు వెనక మడ్‌గార్డు వదులై కటకట కొట్టుకుంటూ ఉండేది. బిగించుకుంటానని ఎన్నిసార్లు అన్నా అప్ప ఒప్పుకునేది కాదు.

"ఉండనీయే. సప్పుడుంటే జనం తప్పుకుంటారు," అనేది.

నిరుడు వర్షాకాలంలో ఒకరోజు ట్యూబు పంక్చరైతే సైకిలు దుకాణంలో ఇచ్చాను. అక్కడి ముసలాయన నేనడక్కుండానే మడ్‌గార్డుకి కూడా బోల్టు వేసి బిగించేశాడు. మర్నాడు ఉదయం మామూలుగానే బయలుదేరాం. బ్రిడ్జి దిగుతుంటే ఎడంపక్క ఆగి ఉన్న ఒక ఆటోని తప్పించుకుని నేను ముందుకు వెళ్లాను. వెనకాల పెద్ద చప్పుడు. తిరిగి చూసేసరికి అప్ప ఆటో పక్కన పడి ఉంది. సైకిలు ముందు చక్రం వంకరపోయింది. కుడి మణికట్టు చూడగానే విరిగిందని నాకు తెలిసిపోయింది.

మా నర్సింగ్ హోమ్‌కే తీసుకెళ్లాను. ఎక్స్‌రే కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు కోపం ఆగలేదు.

"ఏటప్పా, అంత పెద్ద ఆటో కనబడనేదా?"

"కనబడితే ఎందుకు గుద్దుతానే?" అంది. గొంతు తగ్గించి, "నీ మడ్‌గార్డు సప్పుడు ఇనుకుంటా నీ ఎనకాల వత్తన్నాను. ఈయాల అది ఇనబడనేదు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎదర కొంచెం కనబడతాది. పక్కల్నేటీ నేదు. తలుపు సందులోంచి సూసినట్టుంటాది. యేడాది దాటినాది."

"నాతో ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటవుతాది? మిషను మీదకి కూకోనివ్వరు. మీ బావకి సెప్పకు."

రోజంతా మంచాల మధ్య తిరుగుతూ ఎవరి కళ్లు పచ్చబడ్డాయో, ఎవరి కాళ్లు వాచాయో కనిపెట్టి డాక్టరుకు చెప్పేదాన్ని నేనే. పక్కన సైకిలు తొక్కుతున్న మనిషి కళ్లు పోతుంటే ఏడాది పాటు గమనించలేదు. సూదిలో దారం ఎక్కించమని ఆవిడ మా అమ్మాయిని అడుగుతుంటే వయసనుకున్నాను.

బావగారికి చెప్పక తప్పలేదు. కంటి డాక్టరు నీటికాసుల జబ్బన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడాలంటే బతికినన్నాళ్లూ రోజూ రెండుపూటలా చుక్కలు వేసుకోవాలి అన్నాడు. అప్ప తలూపింది. బయటికొచ్చాక ఒక్కటే అడిగింది: "అయితే సైకిలు?"

చెయ్యి అతుక్కున్నాక ఆవిడ ఇంట్లో కూర్చోలేనంది. షేరాటోలో ఒకరోజు పంపిస్తే, ఎక్కడ దిగాలో తెలియక రెండు వీధులు ముందే దిగిపోయి, అడుగుతూ అడుగుతూ వెళ్లిందట. దాంతో నా సైకిలు క్యారియర్ మీద ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. నాకప్పటికి నలభై ఎనిమిది. బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇద్దరం నడిచేవాళ్లం, దిగాక తొక్కడం. సాయంత్రానికి మోకాళ్లు రెండూ నావి కానట్టుండేవి. ఆదివారం చర్చిలో పాట కోసం లేచి నిలబడాలంటే ముందు బెంచీ పట్టుకోవాల్సి వచ్చేది.

ఆరు నెలలు అలా లాగాను. మే నెలలో ఒకరోజు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రాంగ్ సైడులో ఒక మోటారు సైకిలు మీదకొచ్చింది. గట్టిగా బ్రేకు వేసి, ఎలాగో కాలు కింద పెట్టి నిలబెట్టాను. నోట్లోంచి మాట దొర్లిపోయింది.

"నా వల్ల కాదప్పా. ఒంట్లో ఓపిక నేదు. రోజూ నిన్ను మొయ్యలేను."

అప్ప క్యారియర్ మీంచి దిగింది. చీర కుచ్చిళ్లు సవరించుకుంది. "నీకు డూటీకి ఆలీసమైపోతాది. నువ్వెల్లు. నాను నడిసి ఎల్తాను," అంది.

నేను వెళ్లిపోయాను. ఇది రాయకుండా దాటేయవచ్చు, కానీ నిజంగానే వెళ్లిపోయాను. రెండుసార్లు వెనక్కి చూశాను. గోడ వారగా, చేత్తో గోడ తడుముకుంటూ నడుస్తోంది. మధ్యాహ్నం దుకాణానికి ఫోను చేస్తే చేరిందన్నారు. సాయంత్రం చూస్తే కాలి బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది.

"పొద్దున్న మాట మరిసిపో అప్పా."

"మరవడానికేటుంది? నిజమే అన్నావు కదా. నీదీ ఒళ్లేగా," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఇప్పుడు ముప్పావుగంట ముందే, ఏడుంబావుకి బయలుదేరుతున్నాం. సైకిలు నేను నెట్టుకుంటూ నడుస్తాను. అప్ప క్యారియర్ పట్టుకుని పక్కనే నడుస్తుంది. "గొయ్యి," "కుక్క," "మెట్టు" అని చెప్పుకుంటూ పోతాను. దుకాణంలో ఆవిడకిప్పుడు మిషను లేదు. వేళ్లతో తడిమి హుక్కులు కుడుతుంది, దారాలు తెంపుతుంది. ఆవిడను లోపల కూర్చోబెట్టాకే నేను సైకిలెక్కుతాను. మా వాళ్లు స్కూటీ కొనుక్కోమంటున్నారు. ఈ వయసులో నేర్చుకునే శక్తి ఉందో లేదో నాకే తెలియదు.

మొన్న బ్రిడ్జి పైన, ఆయాసం తీర్చుకుంటూ, "ఇక్కడెవరైనా ఒక బల్ల ఏస్తే బాగుణ్ణప్పా," అన్నాను.

"కూకుంటే లెగలేమే," అంది.

అప్పటికి ఎండ పూర్తిగా వచ్చేసింది. మళ్లీ నడక మొదలుపెట్టాం.