రెండు చుక్కల పసుపు

రంగులాయన అంటే ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. గోడ పెచ్చొకటి చేతిలో పెడితే చాలు, అచ్చం అదే రంగు కలిపి డబ్బాలో పోసేవాడు. ఇక ఆయన గొప్పలా, అడక్కండి! "మా వంటగది గోడ చూశారా? అలాంటి లేతపసుపు ఇంకెవరైనా కలిపితే మీసం తీసేస్తా" అని కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. పక్కనే కూర్చున్న భార్య, "ఆయన చెయ్యే వేరండీ" అని తలాడించేది.

ఆవిడ పోయిన ఏడాదికి ఆ గోడకి చెమ్మ పట్టింది. మేస్త్రీ ఒక్క పెచ్చైనా మిగల్చకుండా చెక్కేసి సిమెంటు పూశాడు. రంగులాయన ప్రాణం విలవిల్లాడింది. ఆవిడ బతుకంతా ఆ గోడ ముందే గడిచింది మరి. ఆ రంగు లేని వంటగదిలో కాసేపు కూడా కూర్చోలేకపోయాడు.

ఆ రంగు కొలతలు కొట్లోని పాత కంప్యూటర్లో ఉన్నాయి, కానీ రంగుల సాఫ్ట్‌వేర్ ఎప్పుడో మొరాయించింది. కంప్యూటర్ ఉద్యోగం చేసే కూతురొచ్చి, "సాఫ్ట్‌వేర్లు తమ గుర్తులు దాచుకునే చోటొకటి ఉంటుంది నాన్నా, రిజిస్ట్రీ అంటారు" అని, దాన్ని చదివే చిన్న స్క్రిప్టు రాసింది. 'వంటగది' దొరికింది. ఆయన రంగు కలిపి, గోడకి ఓ మూల పూసి, ఆరేదాకా అక్కడే కాపలా కాశాడు.

"ఇది కాదే."

"నువ్వు దాచుకున్న కొలతే కదా!"

"నీ స్క్రిప్టే తప్పు చదివింది. నా రంగు నాకు తెలీదా?"

కూతురు స్క్రిప్టంతా జల్లెడ పట్టింది. తప్పు చదవలేదు. కాకపోతే కంప్యూటర్‌ని ఎవరి పేరుతో తెరిస్తే వాళ్ళ గుర్తులే చదువుతోంది.

"అమ్మకి వేరే లాగిన్ ఉండేది కదూ?"

"ఉండేది. నావి కెలుకుతోందని నేనే వేరు కాపురం పెట్టించా."

ఆయన భోజనానికి వెళ్తే కొట్లో కూర్చునేది ఆవిడే. తిరిగొచ్చేసరికి మోచేతికి ఏదో ఒక రంగు అంటించుకుని ఉండేది. "మళ్ళీ ఏం తగలేశావ్?" అని కసిరితే, "ఏం లేదులెండి" అని నవ్వేసేది.

కూతురు స్క్రిప్టుని అమ్మ ఖాతా వైపు తిప్పింది. అక్కడా ఒక 'వంటగది' ఉంది. అన్నీ ఆయన కొలతలే. పసుపు మాత్రం రెండు చుక్కలు ఎక్కువ.

కలిపారు, పూశారు. ఆరేసరికి పాత గోడ తిరిగొచ్చింది.

రంగులాయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నేనన్ని కోతలు కోస్తుంటే పక్కనే కూర్చుని తలాడించావే! ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"చెబితే ఒప్పుకునేవాడివా నాన్నా?" అంది కూతురు.

"చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరిచిన రంగులాయనకి మీసం లేదు. ఏమైందని అడిగిన ప్రతివాళ్ళకీ, "మా ఆవిడతో పందెం ఓడిపోయా" అని గొప్పగా చెప్పుకున్నాడు.