ఆదివారం నాడు కదిలిన మా వ్యాను

ఆదివారం చక్రం తిప్పడం పాపమని నమ్మిన మనిషి, ఆదివారం నాడే బండి తీయడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ మనిషి మా నాయన.

మా చిన్నప్పుడు... ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో... మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. మిషన్ డాక్టరమ్మ ఊరూరా తిరిగి మందులిచ్చిన పాత వ్యాను ఒకటి ఉండేది. ఆమె తన దేశం వెళ్ళిపోతూ, డ్రైవరుగా పనిచేసిన నాయనకే దాన్ని ఇచ్చేసింది. లోపల పడుకోవడానికి బల్లలు, మూలన కిరసనాయిలు స్టవ్వు, కిటికీలకు అమ్మ పాత చీరల తెరలు... ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే దగ్గి దగ్గి లేచేది. లైట్లు మాత్రం వెలిగేవి కావు.

ఎండాకాలం సెలవులొస్తే అందులోనే గిద్దలూరు దగ్గర మా అవ్వ ఊరికి ప్రయాణం. బైబిలు కథలో జీవాలన్నీ నోవహు ఓడలోకి ఎక్కినట్టు ఎక్కేవాళ్ళం... నేను, చెల్లెలు, నీళ్ళ కడవ, కోళ్ళ గంపతో సహా! పొద్దు గుంకితే ఎక్కడుంటే అక్కడే మకాం.

ఒక ఏడాది అలాగే పోతూ, శనివారం సాయంత్రం కంభం చెరువు కట్ట దగ్గర ఆగాం. అమ్మ మరుసటి రోజుకు కూడా కలిపి సంగటి కెలికింది. ఆదివారం విశ్రాంతి దినం గనక మాకు పొయ్యి వెలగదు, బండి కదలదు... అది నాయన పెట్టిన కట్టుబాటు. చెల్లెలికి ముద్ద పెడుతుండగా మా మేనమామ రొప్పుతూ వచ్చాడు. మేం దారిలో ఉంటామని తెలిసి, గిద్దలూరు నుంచి వచ్చిన రైలు కంభంలో దిగి, మమ్మల్ని వెతుక్కుంటూ.

"అక్కా, అమ్మకు బాగలేదు. గంజి గూడా మింగడంల్యా. నీ పేరే కలవరిస్తా ఉంది."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తిరుగు రైలు మళ్ళీ రేపు సాయంత్రమే. చీకట్లో వ్యాను పోదు.

"సోమారం తెల్లారుతూనే పోదాం," అన్నాడు నాయన తల వంచుకుని.

మామ అప్పటికి బాప్తిస్మం తీసుకోలేదు. "ఏంది బావా, మీ దేవునికి రేపు సెలవా?" అని దెప్పాడు.

"సెలవు గాదురా. ఆజ్ఞ."

తెల్లవారింది. ఆదివారం ప్రార్థనలో నాయన ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం చెప్పించేవాడు. అమ్మకు అక్షరం రాదు... విన్నదే ఆమె చదువు. తన వంతు రాగానే కొంగు తల మీదికి లాక్కుంది.

"ఒకాయన గొర్రె విశ్రాంతి దినాన గుంటలో పడిందంట. సోమారం దాకా ఆడనే ఉండమన్నాడా, చెయ్యి పెట్టి లాగినాడా? నువ్వు చెప్పిందే గదయ్యా ఇది! మా అమ్మ గొర్రె కన్నా తక్కువదా?"

మామ నవ్వబోయి ఆగిపోయాడు. నాయన బైబిలు తెరిచి, ఆ చోటు వెతికి, పెదవులు కదుపుతూ చదివి, మూశాడు. తర్వాత నా జీవితంలో ఎందరో బోధకులను చూశాను. తాను చెప్పిన వాక్యానికి తానే లోబడినవాణ్ణి మాత్రం ఆ ఉదయమే చూశాను. లేచి హ్యాండిల్ అందుకున్నాడు.

"ఎక్కండి పిల్లోళ్లారా!"

దారిలో ఒక ఊరి దగ్గర, ఆదివారం ప్రార్థనకు చర్చికి పోతున్న సంఘ పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏందయ్యా, ఆదివారం బండి తీసినావు?"

"గొర్రె గుంటలో పడిందన్నా. లాగను పోతా ఉండా!" అని అరిచాడు నాయన, బ్రేకు తొక్కకుండానే.

మిట్టమధ్యాహ్నానికి చేరాం. అమ్మ పరుగెత్తి, నులక మంచంలో ఉన్న అవ్వ తలను ఒడిలో పెట్టుకుంది.

"వచ్చినావా పాపా... ఎండన పడి వచ్చినావే," అంది అవ్వ. అమ్మ చేత్తో పోసిన గంజి రెండు గుక్కలు మింగింది. వాకిట్లో నిలబడిన నాయనను చూసి, బోసినోటితో నవ్వింది. "మా అల్లుడు ఆదివారం బండి తోలినాడే!"

పొద్దు గుంకేలోగా కన్ను మూసింది... అమ్మ ఒడిలోనే.

సోమవారం బయలుదేరి ఉంటే మేం చూసేది మట్టినే.

ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, కార్లకు లైట్లు వెలుగుతున్నాయి... చీకటైనా, ఆదివారమైనా ఎవరూ ఆపరు. అయినా "వచ్చే వారం చూద్దాంలే" అనే మాటే వినబడుతోంది. మీకూ కలవరిస్తూ ఎదురు చూసే మనిషి ఒకరుంటారు. వాళ్ళ జ్ఞాపకాలు కింద రాయండి... కాదు, ఇప్పుడు వద్దు. వాళ్ళను చూసి వచ్చాక రాయండి. ఈ ఫోన్ పక్కన పెట్టి లేవండి. ఈ రోజే వెళ్ళండి!