రైలెక్కి నడకకు పోయిన మా అత్త

మా మేనత్త పోయిన నెల చనిపోయింది. తిరుమల కొండకు ఆమె మొదలుపెట్టిన నడక పూర్తి కాలేదు. ఈ వేసవి సెలవుల్లో దాన్ని నేను పూర్తి చేయాలంటే తోడు కావాలి. తోడు దొరకాలంటే ఇప్పుడే అడగాలి. అందుకే దుఃఖం నుంచి తేరుకోకముందే ఇది రాస్తున్నాను.

కబురు పులివెందులకు బస్సు కండక్టరు తెచ్చాడు. ఇక్కడి ఆడపిల్లల బడిలో నేను పంతులమ్మను. తరగతి కిటికీ దగ్గర నిలబడి, "మ్మా, ముద్దనూరు కాడ మీ అత్తకు బాగలేదంట, బిన్నా రమ్మన్నారు" అన్నాడు. బాగలేదంటే ఏమిటో ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. నేను ఊరు చేరేసరికి అందరూ మట్టి చేసి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు.

మాది గొర్రెల మంద మీద బతికే ఇల్లు. మా ఇంట్లో పలక పట్టింది నేనే మొదలు. అత్త చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మందతో పాటు నన్నూ పెంచింది. నేను పుట్టిన ఏడు జబ్బు సోకి సగం మంద పోయిందట. మిగిలినవి దక్కితే ఇంటి నుంచి కొండదాకా నడిచి వస్తానని అత్త మొక్కుకుంది. మంద దక్కింది. నడకకే తీరిక దొరకలేదు.

ఏకబిగిన నడవాలంటే చాలా రోజులు ఇల్లు వదలాలి. గొర్రెలు అన్నాళ్ళు వదలనివ్వవు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం మా మందను రాత్రిపూట తమ చేలలో కట్టించుకుంటారు. ఎవరైనా పెద్ద రైతు చేలో మంద నాలుగు రాత్రులు ఉంటే మా నాయన ఒక్కడే చూసుకోగలడు. ఏడాది మొత్తంలో అత్తకు దొరికే తీరిక అదే. ఆ తీరికకు సరిపోయేటట్టు ఆమె నడకను ముక్కలు చేసుకుంది.

జమ్మలమడుగు సంతలో బండ్లవాళ్ళ దగ్గర కూర్చుని అడిగేది, నీళ్ళు యాడ దొరుకుతాయి, ఆడోళ్ళు పడుకోను సత్రం యాడుండాది అని. లెక్క మాత్రం వెనక నుంచి వేసేది. "ముందు తిరిగొచ్చే దావ సూసుకోవల్ల కోడలా. మిగిలినంతే పొయ్యే దావ" అనేది. అందుకని ప్రతి ముక్కా ఏదో ఒక రైలు స్టేషను దరిదాపుల్లో ముగిసేది. అక్కడి నుంచి రైలెక్కి ఇంటికి వచ్చేది. మరుసటి ఏడు రైల్లోనే పోయి, ఆగిన చోట దిగి, దండం పెట్టుకుని మళ్ళీ నడిచేది.

ముద్దనూరు స్టేషను బయట ఒక పెద్దాయన ఆమెను వదిలేవాడు కాదు. "ఏమ్మా, నడిచొస్తానని మొక్కుకోని రైలెక్కుతాండావా? సామికి కంతుల లెక్కన కడతాండావా?"

"గొర్రెలకు సెలవుల్లేవు మామా. కొండ యాడికీ పోదులే. నేనొచ్చేదాకా నువ్వూ ఈడనే కూసోనుండు. ఎట్లాగూ ఇంట్లో నీకు పని చెప్పేటోళ్ళు లేరు."

నేను ప్రొద్దుటూరు హాస్టల్లో చదివేటప్పుడు, సెలవులు కలిసిన ఏడల్లా ఆమె వెంట పోయాను. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఉన్న మూట ఆమె నెత్తిమీదే. నన్ను మోయనిచ్చేది కాదు. ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి తిరిగి చూసేది. మంద వెనకబడిందేమోనని చూసే అలవాటు అది. అక్కడ మంద లేదు, నేనొక్కదాన్నే ఉండేదాన్ని. అయినా చూసి, తల ఊపి, ముందుకు కదిలేది.

ఒక ఏడు ఒంటిమిట్ట దాటాక, నందలూరు ఇంకా దూరం ఉండగానే పొద్దుగూకింది. దారిన పోయే బండి ఎక్కక తప్పలేదు. ఎక్కేముందు అత్త తన కంబళి అంచు నుంచి నల్ల ఉన్ని దారం పీకి, దారి పక్క తుమ్మకొమ్మకు గుర్తుగా కట్టింది. మరుసటి ఏడు పోయి చూస్తే ఆ వరసలో తుమ్మలన్నీ బోడిగా ఉన్నాయి. ఎవరో మేకల కోసం కొమ్మలన్నీ కొట్టేసుకున్నారు. అత్త ఆ మొద్దుల వంక చూసి, నేలమీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మందలు మేపే ఇంట్లో పుట్టి తుమ్మకొమ్మకు కట్టినా సూడు! ఊళ్ళో చెప్పొద్దే, మొగం ఎత్తుకోలేను."

"ఇంచుమించు ఇక్కడేలే అత్తా. ఇక్కడి నుంచే నడుద్దాం" అన్నాను.

"ఇంచుమించు వద్దు. తెలిసిన కాడికి పోదాం పా."

తెలిసిన చోటంటే ఒంటిమిట్ట గోపురం. అక్కడిదాకా వెనక్కి పోయి నడిచిన దారే మళ్ళీ నడిచాం. ఆ ఏడు తీరికంతా దానికే సరిపోయింది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "పోయినేడు ఈ సేను బీడు. ఇప్పుడు దున్నినారు సూడు" అని చూపిస్తూ నడిచింది.

మేమిద్దరం కలిసి చివరిగా ఆగింది రాజంపేట స్టేషను దగ్గర. పోయిన ఏడు నేను కడపలో ట్రైనింగులో ఉన్నాను. సెలవు దొరకలేదు. అత్త ఒక్కతే పోయింది. తిరిగి వస్తూ కడపలో దిగి, హాస్టలు గేటు బయట నిలబడి నన్ను పిలిపించింది. కాళ్ళు వాచి ఉన్నాయి.

"కోడూరు దాటినా. ఈసారి తుమ్మకు కట్టలేదులే, రాయికి సుట్టినా. మామిడితోట, పక్కనే బావి. వచ్చే ఏడు ఇద్దరం పోతే అయిపోతాది."

"నాకు సెలవు దొరక్కపోతే?"

"మొక్కు ఇంటిదే కోడలా. కాళ్ళు ఎవురివైతే ఏంది."

ఆ మాట ఆమె నన్ను ఓదార్చడానికే అన్నదని అప్పుడు అనుకున్నాను.

అత్తది మెట్టినింటి ఇంటిపేరు కాబట్టి మాకు ఏడాది మైల లేదు. కొండకు పోవచ్చు. కానీ మా నాయన, "ఒంటి ఆడపిల్లను అంత దూరం పంపను. ఇంకో ఇద్దరు ఆడోళ్ళు తోడుంటే పో. లేకుంటే రైల్లో పోయి దండం పెట్టుకోని రా, సామి ఏమీ అనుకోడు" అన్నాడు. బంధువుల ఇళ్ళలో అడిగాను. ఎవరి మందలు వాళ్ళకున్నాయి. బడిలో తోటి పంతులమ్మలను అడిగితే, రైలుండగా నడకెందుకని నవ్వారు. అత్తకైతే అలా నవ్వేవాళ్ళకు చెప్పే జవాబు నాలుక చివర ఉండేది. నాకు అంత నోరు లేదు.

కోడూరు చుట్టూ అన్నీ మామిడితోటలేనట. ప్రతి తోటకూ బావి ఉంటుందట. వాటిలో ఏ తోట దగ్గర, ఏ రాయికి ఆమె దారం ఉందో నాకు తెలియదు. అందుకే తెలిసిన చోటి నుంచే, రాజంపేట నుంచే నడుస్తాను. తిరిగి వచ్చే రోజులు ముందుగా పక్కన పెట్టి చూస్తే, మిగిలినవి ఈ నడకకు సరిపోతాయి. కోడూరు దాటాక దారి పక్కన ఒక్కొక్క రాయినీ చూసుకుంటూ పోతాను.

మా అత్త ఎవరో మీకు తెలియకపోయినా పరవాలేదు. రాదలచిన ఆడవాళ్ళు ఉగాదిలోగా ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి, నాకు అందుతుంది. వేగంగా నడవలేమని వెనకాడకండి. ప్రతి మలుపులోనూ నేను ఆగి వెనక్కి తిరిగి చూస్తాను.