కందీల్ ఎందుకు దించలేదంటే

పండుగ సెలవులు అయిపోయిన మర్నాడు దిగులు వేసిందని మీరు ఎప్పుడైనా ఎవరితోనైనా చెప్పారా? చెప్పి ఉండరు. తలనొప్పి అనో, తిన్నది పడలేదనో, డ్యూటీలో పని ఎక్కువనో అని ఉంటారు. ఆ రోజుల్లో నేనూ అంతే. కాకపోతే నా అబద్ధం లాల్‌పేట్‌లో ఒక వీధి వీధినే మొక్కుల్లోకి దింపింది కనుక, ఇన్నేళ్లకైనా చెప్పుకోక తప్పదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బొగ్గుగనిలో హాజరీ రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. గని క్వార్టర్‌లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నాస్తికుడినని అప్పటికే పేరు. నిమ్మకాయలు కట్టిన ఆటో కనిపిస్తే ఆపి మరీ వాదించేవాణ్ని. (ఆటోలో కూర్చున్నవాళ్లకు తొందర పని ఉందా లేదా అన్నది తర్కానికి సంబంధం లేని విషయం.) దసరాకు ముందు మా క్లబ్బులో ‘దిగులుకు మందు తర్కమే’ అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మ తప్ప.

దీపావళికి మంచిర్యాల నుంచి అక్క ఇద్దరు పిల్లలతో వచ్చి పది రోజులు ఉంది. మాది తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబమే అయినా, ఇక్కడి మరాఠీవాళ్ల అలవాటు ప్రకారం గుమ్మం ముందు ఆకాశకందీల్ కట్టాల్సిందే. వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టే లాంతరు అది. పిల్లలూ నేనూ కలిసి చేశాం. ఒక పక్క సొట్టపోయింది, దానికి బాధ్యులెవరో పది రోజులూ తేలలేదు. తర్వాత వాళ్లను బల్లార్షాలో రైలెక్కించి ఇంటికి వస్తే, అటుకుల చివడా డబ్బా అడుగున పొడి, నా టిఫిన్ డబ్బా మీద పిల్లి స్టిక్కరు. కూర్చుని తర్కం చేశాను. వాళ్లు వచ్చారు, వెళ్లారు, వేసవిలో మళ్లీ వస్తారు, కనుక దిగులుకు ఆధారం లేదు. ఆధారం లేకుండానే దిగులు వచ్చి నా పక్కన కూర్చుంది.

కార్తీక పున్నమికి వీధిలో అందరూ కందీళ్లు దించారు. నేను దించలేదు. మసక చీకట్లో ఇంటికి వచ్చేసరికి గుమ్మం వెలగకుండా ఉంటే లోపలికి కాలు సాగేది కాదు. అమ్మను వేయమంటే ఎందుకని అడుగుతుందని, పొద్దున డ్యూటీకి పోతూనే స్విచ్ వేసి పోయేవాణ్ని. పట్టపగలు వెలిగే దీపాన్ని వీధి ఎన్నాళ్లు చూసి ఊరుకుంటుంది? ఎదురింటి చిన్నమ్మ (చుట్టరికం ఏమీ లేదు, మా వీధిలో చుట్టరికానికి ఎదురిల్లు చాలు) ఒకనాడు అడగనే అడిగింది.

“ఏంది బిడ్డా, పున్నం పోయి పది దినాలాయె, ఇంకా దించవైతివి. నవస్ గిట్ల మొక్కినవా?”

నవస్ అంటే మరాఠీలో మొక్కు. దిగులుగా ఉందని చెప్తే నా ఉపన్యాసం ఏం కావాలి? “ఒక కారణమున్నది చిన్నమ్మా” అన్నాను గంభీరంగా.

“గదే నేననేది!” అని ఆమె ఇంట్లోకి వెళ్లి, సజ్జ మీది కందీల్ దించి మళ్లీ కట్టింది. అంతకుముందే తప్పిపోయిన ఆమె మేక మూడో రోజున తిరిగి వచ్చింది. ఆకలైతే మేకలు ఇంటికి వస్తాయని నేను వాదించబోయాను కానీ, వినడానికి వీధిలో ఎవరూ ఖాళీగా లేరు. అందరూ సజ్జలెక్కి ఉన్నారు. వారం తిరిగేసరికి పదకొండు కందీళ్లు వెలిగాయి. నా కందీల్‌కు ఎవరో పసుపు దారం కూడా కట్టారు. (సొట్ట ఉన్న వైపే కట్టారు. అది మహిమ గల వైపట.)

పక్కింటి హాలేజీ కాక గనిలో బొగ్గు టబ్బులను లాగే ఇంజను నడిపేవాడు. ఆయనా కట్టాడు. ఇదంతా మూఢనమ్మకమని గట్టిగా చెప్పబోతే నవ్వాడు.

“మేం కడ్తె ఏమున్నదిరా, మేం రాయికి గూడ మొక్కుతం. దేవుడే లేడనెటోనివి, నువ్వే కట్టినవంటె అండ్ల పక్కా ఏదో ఉన్నట్టే!”

అంత గట్టి వాదన నేను ఏ చర్చలోనూ ఎదుర్కోలేదు. ఇంతలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. నెల రోజులుగా ఉన్న దగ్గు అది. డాక్టరు ఎక్స్‌రేకు చీటీ రాసిచ్చిన సంగతి నాకు తెలుసు.

“ఎక్స్‌రేకు ఎప్పుడు పోతవ్ కాకా?”

“ఇప్పుడెందుకురా? కందీల్ కట్టిన గదా. ఇరవై ఒక్క దినాలు చూస్త.”

అక్కడితో నాకు నవ్వు పోయింది. మేక సంగతి వేరు, కాక ఊపిరితిత్తుల సంగతి వేరు. ఆ సాయంత్రమే గుమ్మం ముందు స్టూలు వేసుకుని ఎక్కాను.

“దించకు బిడ్డా! నవస్ తప్పితె అరిష్టం!” అని చిన్నమ్మ కేకేసింది. వీధి అంతా బయటికి వచ్చింది. అంతమంది శ్రోతలు నాకు క్లబ్బులో ఎన్నడూ దొరకలేదు.

“నవస్ లేదు గివస్ లేదు” అన్నాను స్టూలు మీది నుంచే. “అక్క, పిల్లలు పోయినంక నాకు దిగులైంది. చీకట్ల ఇంటికి రాబుద్ధి గాలేదు. గందుకే దించలే. చెప్తానికి సిగ్గయింది.”

కట్టు విప్పి కందీల్ దించాను. గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

“గంతేనా?” అన్నాడు కాక. “గా మాట మొదలే చెప్తె నీ ముల్లె ఏం పోతుండెరా?”

“నేనైతె చెప్పిన్నా?” అంది చిన్నమ్మ మెల్లగా. “నా బిడ్డ అత్తగారింటికి మళ్లినంక, నాలుగొద్దులు రెండు పళ్లేలు వెట్టుకుంట కూసున్న. మేక మీద వెట్టి ఏడ్చిన.”

ఆ రాత్రి వీధిలో అందరూ ఫరాళ్ (పండుగ పిండివంటల) డబ్బాల అడుగున మిగిలినవి దులిపి తెచ్చారు. చివడా పొడి, విరిగిన చక్లీ జంతికలు తింటూ, ఎవరింట్లో ఎవరు లేక ఎలా ఉందో చెప్పుకున్నాం. మర్నాడు సెలవు పెట్టి, కాకను నా బండి మీద ఎక్స్‌రేకు తీసుకెళ్లాను. డాక్టరు కాకను బాగా తిట్టి మందులు రాశాడు. రెండు నెలల్లో దగ్గు తగ్గింది. కందీల్ దించితేనే తగ్గిందని కాక ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

దేవుడి మీద గంటసేపు అనర్గళంగా మాట్లాడి, ‘నాకు దిగులుగా ఉంది’ అన్న మూడు మాటల దగ్గర నోరు పెగలని ఆ కుర్రవాడిని తలుచుకుంటే నాకిప్పుడు కోపం రాదు. ఇప్పుడు పున్నమి సాయంత్రం మా ఇంటి కందీల్ దించగానే, తర్కం జోలికి పోకుండా కాక ఇంటికి పోయి కూర్చుంటాను. మీరూ ఈసారి పండుగ దీపాలు దించిన రోజున తలనొప్పి అని తలుపేసుకోకండి. పక్కింటి తలుపు కొట్టండి. దిగులుగా ఉందని చెప్పండి. వాళ్లకెలా ఉందో అడగండి.