రెండో అక్షరం

ఆళ్లగడ్డలో ఓబులాచారి వాళ్ల ఇంట్లో అందరూ దేవుళ్లను చెక్కేవాళ్లు. ఆయన ఒక్కడికే అక్షరాలు దక్కాయి. చిన్నప్పుడు రాతి పెంకు ఎగిరి కంట్లో తగలడంతో ఎడమకన్ను చూపు మందగించింది. విగ్రహానికి ముక్కు తీర్చాలంటే రెండు కళ్లూ కావాలి, శిలాఫలకానికి ఒక్కటి చాలు అని తండ్రి తేల్చేశాడు. చదువు రెండో తరగతితోనే ఆగినా, రాళ్ల మీద దిద్దీ దిద్దీ అక్షరాల వంపులన్నీ చేతికి పట్టుబడ్డాయి. అర్థం సంగతి ఆయన పట్టించుకునేవాడు కాదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెక్కేవాడు.

1953లో ఒక ఫలకం మీద యజమాని తండ్రి పేరు తప్పు పడింది. తప్పు కాగితంలోనే ఉంది, మాట పడింది మాత్రం ఆచారి. ఆ రాయిని వాళ్లు బోర్లించి బట్టలు ఉతుక్కోవడానికి వేసుకున్నారు. అప్పటినుంచి ఉలి పట్టుకుంటే చాలు, మళ్లీ తప్పు పడుతుందేమోనన్న భయం మొదలయ్యేది.

నాలుగేళ్ల తర్వాత పెద్ద రైతు కుటుంబానికి చెందిన రామేశ్వరమ్మ అనే ఆవిడ నంద్యాల రోడ్డు పక్కన ప్రయాణికుల కోసం ఒక బావి తవ్వించింది. నంద్యాలలో తెలుగు పండితుడు జ్ఞానప్రకాశం ఆ బావి మీద ఒక కంద పద్యం రాసిచ్చాడు. ఆవిడ తమ్ముడు మద్దిలేటిరెడ్డి దాన్ని వేరే కాగితం మీదికి ఎత్తి రాసి ఆచారికి ఇచ్చాడు. శుక్రవారానికి రాయి నిలబెట్టాలి.

ఆచారి ఎర్రమన్నుతో రాతి మీద గీసుకున్నాడు.

నీరే ప్రాణము పుడమికి
కోరిన వారికి నొసగిరి కూరిమి తోడన్
బాటను పోయెడి వారికి
తీరగ దాహము వెలసెను తేనియ యూటై

గీసి వెనక్కి జరిగి చూశాడు. ప్రతి పాదంలోనూ రెండో చోట ‘ర’ ఉంది. మూడోదాంట్లో మాత్రం ‘ట’. పైకి చదువుకుంటే ఆ ఒక్కచోట అన్నంలో రాయి పంటికింద పడ్డట్టయింది. మద్దిలేటిరెడ్డి దగ్గరికి పోయాడు.

“రెడ్డీ, ఏదో తప్పు పడినట్టుంది. అయ్యవారు రాసిచ్చిన కాగితం యాడుంది?”

“అది తడిసి పాడైపాయ. అర్థం బాగనే ఉంది గదప్పా. నువ్వేమన్నా పండితుడివా? రాసింది చెక్కు.”

ఆచారి మిగతా మూడు పాదాలు చెక్కి మూడోదాని చోటు ఖాళీగా వదిలాడు. బుధవారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కాడు.

జ్ఞానప్రకాశం వరండాలో దినపత్రిక చదువుకుంటున్నాడు. ఆచారి మెట్ల దగ్గరే నిలబడి కాగితం చాచాడు.

“అయ్యవారూ, మీ పద్యంలో తప్పు పట్టేంతవాన్ని గాదు. ఈ ‘ట’ ఒక్కటే ఎందుకో నా చూపుకు అడ్డం పడతాంది.”

పండితుడు కాగితం అందుకుని రెండుసార్లు చదివాడు. అనవసరంగా వచ్చానని ఆచారి లోలోపల ముడుచుకుపోయాడు.

“‘బాటను’ అని ఎవరు రాసినారు? నేను రాసింది ‘దారిన’.”

ఆచారి మెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి తప్పు రాతి మీదికి ఎక్కకముందే దొరికింది.

“దారన్నా బాటన్నా ఒకటే గదయ్యా?”

“అర్థానికి ఒకటే. మాత్రల లెక్కకూ సరిపోతాది. చెవికి మాత్రం ఒకటి గాదు. నీరే, కోరిన, దారిన, తీరగ. కందానికి నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాల. దాన్ని ప్రాస అంటారు. ఇంగ రెండో పాదం చూడు. ‘కోరిన’ అని ఎత్తుకున్నాం. మధ్యలో ‘కూరిమి’ దగ్గర మళ్లీ అదే ధ్వని తగులుతాది. అది యతి.”

ఆచారి వేలితో నాలుగో పాదం వెంబడి పోయాడు. ‘తేనియ’ దగ్గర వేలు ఆగింది.

“తీరగ... తేనియ. ఈడ గూడా ఉంది.”

“ఉంది.” పండితుడు లోపలికి కేకేసి ఇద్దరికీ కాఫీ తెప్పించాడు.

ఆ సాయంత్రం సంగతి తెలిసి మద్దిలేటిరెడ్డి తల గోక్కున్నాడు. తడిసిన చోట అక్షరాలు చెదిరిపోతే, అర్థాన్ని బట్టి ‘బాటను’ అని తానే వేసుకున్నానని ఒప్పుకున్నాడు. రామేశ్వరమ్మ అది విని ఆచారి వైపు తిరిగింది.

“నువ్వు పోయి అడక్కపోతే ఆ తప్పు నా బావి మీద వందేండ్లు ఉండిపోయేది గదప్పా. బతికిస్తివి.”

గురువారం ఆయన ‘దారిన’ చెక్కాడు. ఉలి దెబ్బ ఒక్కటీ తడబడలేదు. శుక్రవారం రాయి నిలబడింది.

ఆ తర్వాత నెలకో ఆదివారం నంద్యాలకు పోయి, పండితుడి వరండాలో గురువులూ లఘువులూ లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. 1960లో తానే ఒక కంద పద్యం కట్టి తీసుకుపోయాడు. జ్ఞానప్రకాశం చదివి రెండు తప్పులున్నాయన్నాడు. అందులో ఒకటి బస్సులోనే తనకు దొరికిందని చెప్పి ఆచారి హాయిగా నవ్వాడు.