ఖాళీ గోడకు లైటు

ఎదురింటి ఖాలా పోయింది. రంజాన్ పండుగ గడిచాక వచ్చిన శుక్రవారం, జుమ్మా రోజు పొద్దున, నేను వాకిలి ఊడుస్తుంటే ఆమె కోడలు మా గేటు పట్టుకుని నిలబడింది. "అక్కా, అమ్మీ లేస్తలేదు" అంది. నేను చీపురు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచి గల్లీ దాటి పరుగెత్తాను. ఖాలా గోడ వైపు తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోయినట్టే ఉంది. చెయ్యి ముట్టుకుంటే తెలిసింది.

ఆమె నాకు చుట్టం కాదు. గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అనేది కాబట్టి నేనూ ఖాలా అన్నాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు మీకు చెప్పాలని కూర్చున్నాను. మంచి మాటలకేమీ కొదవ లేదు. కానీ ఏది చెప్పబోయినా సిగ్గు ముందుకొస్తోంది. దాన్ని దాచుకుని రాస్తే ఈ స్మృతికి అర్థం ఉండదు.

మాది కరీంనగర్‌లో పాత గల్లీ. ఇల్లు కట్టించేటప్పుడు అందరూ ఓపెన్ హాల్ అంటున్నారని నేనూ పట్టుబట్టాను. మధ్యలో గోడలొద్దన్నాను. వంట గట్టు, తినే టేబుల్, సోఫాలు, టీవీ, అన్నీ ఒక్క గదిలోనే. తీరా ఇటు పక్కవాళ్లూ అటు పక్కవాళ్లూ అంతస్తు మీద అంతస్తు లేపేసరికి, మా హాల్లో మిట్టమధ్యాహ్నం కూడా బియ్యంలో రాయి కనపడని పరిస్థితి వచ్చింది. మా ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని. పిల్లల చదువుల కోసం మేమిక్కడ, ఆయన అక్కడ. సెలవు రోజున వచ్చి, సోఫాలో కూర్చుని, చుట్టూ చూసి, "గీడ గూడ నెత్తికి లైటు కట్టుకొని తిరగాల్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం కడుపు మండింది.

ఆ మంటలో రెండు ట్యూబ్ లైట్లు ఎక్కువ వేయించాను. సోఫాలన్నీ కిటికీ గోడ వెంట వరుసగా నెట్టించాను. చూస్తే పెండ్లి పందిట్లో కుర్చీలు వేసినట్టుంది. నేను మాత్రం దర్జాగా ఉందనే అనుకున్నాను.

అప్పుడే మా మరిది దుబాయ్ నుంచి వచ్చాడు. అట్టపెట్టె విప్పి దుప్పట్లు, సబ్బులు, సెంటు సీసాలు పంచాడు. అడుగున ఒక చిన్న తివాచీ ఉంది. "రూమ్‌ల నా తోటి వంట చేసే పెద్దమనిషి ఒస్తుంటే ఇచ్చిండు వదినె, మంచిగ పెట్టుకో" అని నా చేతిలో పెట్టి ఆ సాయంత్రమే ఊరికి పోయాడు. మఖ్మల్ లాంటి మెత్తదనం, ముదురు ఎరుపు రంగు. మీద వంపు తిరిగిన గుమ్మం బొమ్మ, ఆ గుమ్మంలో గొలుసుకు వేలాడుతున్న దీపం. చీకటి హాలుకు దీపం బొమ్మ భలే కుదిరిందనుకున్నాను. తలుపు నుంచి వంట గట్టుకు వెళ్లే దారిలో, సోఫా ముందు పరిచాను. వచ్చిన వాళ్లందరికీ దుబాయ్ తివాచీ అని చెప్పుకున్నాను.

ఖాలా దాదాపు రోజూ వచ్చేది. సాయంత్రం అసర్ నమాజుకు ముందు ఒక గంట మాది. చెప్పులు గేటు బయటే విడిచేది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. చక్కెర నేను ఎంత వేసినా "జర ఏసినవా, మర్సినవా?" అనేది. మోకాళ్ల నొప్పులుండేవి. లోపలికి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి గోడకు ఆనించి, గోడ వెంటే నడిచి, హాలంతా చుట్టుకుని వచ్చి కూర్చునేది. నడిమి నుంచి వస్తే నాలుగడుగులు. మోకాళ్ల నొప్పికి గోడ ఆసరా కావాలి గదా అనుకున్నాను. ఆమె అరచెయ్యి తగిలి తగిలి ఆ గోడ సున్నం మాసిపోతే, లోలోపల విసుక్కున్నాను కూడా.

ఒకనాడు సాసర్ పక్కన పెట్టి, "బేటీ, గా సోఫా కిటికీ దిక్కు తిప్పు. వెలుగుకు ఈపు పెట్టి కూసుంటే మనిషి మొకం ఎట్ల కనవడ్తది?" అంది. నేను ఊరికే ఉంటానా, వాస్తు అదీ ఇదీ అన్నాను. ఆమె వినలేదు. కొంగు నడుముకు చెక్కి తనే ఒక కోడు పట్టుకుంది. తిప్పాక చూస్తే నిజంగానే హాలు మారింది. కిటికీలో నుంచి వచ్చే ఆ కాస్త వెలుతురు మా ముఖాల మీద పడింది. ఖాలా కళ్లు తేనె రంగులో ఉంటాయని ఆ రోజే చూశాను. వంట గట్టుకు పోయే దారి కూడా సోఫా వెనక నుంచి పడింది.

మరికొన్నాళ్లకు ట్యూబ్ లైట్ల మీద పడింది. "తెల్ల లైటు దవాఖానల ఉంటది బేటీ. గీ ఇంట్లకు మీ ఆయన బాయిలకెళ్లి ఒస్తుండు. ఆయన కండ్లకు జర ఆరామ్ కావాల్నా ఒద్దా?" తన ఇంట్లో మూలన పడున్న ఇత్తడి స్టాండ్ లైటు తెచ్చి, తుడిచి, పసుపు వెలుగు బల్బు పెట్టి షోకేస్ పక్కన నిలబెట్టింది. తినే టేబుల్ మీదికి ఒకటి, చదువుకునే మూలకు ఒకటి, ఒక్కో చోటికి ఒక్కో చిన్న లైటు పెట్టించింది. "హాలంత ఒక్కతీరు వెలుగెందుకు? ఎక్కడ కూసుంటవో గక్కడ ఉంటె సాలు" అనేది. గోడలు లేని హాల్లో ఆ లైట్లే గదులు చేశాయి. ఆ వారం మా ఆయన వచ్చి, చెప్పులు విడుస్తూనే ఆగిపోయి, "ఇల్లు పెద్దగయినట్టున్నదేంది?" అన్నాడు. ఆ సాయంత్రం స్టాండ్ లైటు కింద కూర్చున్న చోటే కునుకు తీశాడు. నాకు ఖాలా మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

అయితే ఆమె సర్దడం అక్కడితో ఆగలేదు. ఎటు తిప్పీ తివాచీ దగ్గరికే వచ్చేది. "టీపాయి దాని మీద పెట్టకు, కోళ్ల గుర్తులు పడ్తయి." తీశాను. "సోఫా ముంగట ఎందుకు, పిల్లలు తొక్కి ఖరాబ్ చేస్తరు. గా మూలకు వెయ్యి." వేశాను. చలికాలం రాగానే కాళ్ల కింద మెత్తగా ఉంటుందని మళ్లీ సోఫా ముందుకు లాక్కున్నాను. మర్నాడు ఖాలా వచ్చి చూసింది. గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంది. చక్కెర సంగతి కూడా అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం వేడెక్కుతుంది. వాళ్లింట్లో సున్నాలు వేయిస్తున్న రోజు. సామానంతా వాకిట్లో ఉంది. నమాజు వేళకు ఖాలా మా ఇంటికి వచ్చి, "జర జాగ ఇస్తవా బేటీ, నమాజ్ చదువుకుంట" అంది. నేను ఎగిరి గంతేసినంత సంబరంగా, "గీ కార్పెట్ మీద చదువుకో ఖాలా, మోకాళ్లకు మెత్తగుంటది" అన్నాను. అప్పటికి దాని మీద పొద్దున పిల్లలు ఒలకబోసిన పప్పుచారు మరక అట్లాగే ఉంది. నా చెప్పుల దుమ్ము ఉంది. ఖాలా ఆ తివాచీని కాసేపు చూసింది. "ఒద్దు బేటీ, నాకు నేలనే అలవాటు" అని భుజం మీది చాదర్ పక్కన పరిచి, కటిక బండల మీద మోకాళ్లూనింది. లేచేటప్పుడు సోఫా పట్టుకుని లేచింది. నమాజుకు చాదరే పరుచుకుంటారు కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్లు ఎదురుగా ఉండి, ఆమె ఇంట్లో దేని మీద నమాజు చదువుతుందో నేను ఒక్కసారి అడగలేదు.

పోయిన ఏడు ఆమె కరెంటు పనాయనను పిలిపించి, తను రోజూ పట్టుకుని నడిచే గోడకు పైన ఒక చిన్న లైటు పెట్టించింది. వెలుగు కిందికి పడేటట్టు. నాకు అర్థం కాలేదు. "ఉత్త గోడకు లైటెందుకు ఖాలా?" అన్నాను. ఆమె అప్పుడు ఎన్నాళ్లుగానో మనసులో పెట్టుకున్న మాట అన్నట్టు, మెల్లగా, "గీడ గా కార్పెట్ వేలాడగట్టు బేటీ. మీద లైటు పడ్తె గా దీపం వెలిగినట్టుంటది. హాలంత నిండుతది" అంది.

నేను పకపక నవ్వాను. "కాళ్లు తుడుసుకునే దాన్ని గోడకెక్కిస్తరా ఎవలన్న? నా ఇంటి ఫికర్ నీకెందుకు ఖాలా ఇంత?"

నా నోరు అంతే. అన్న తర్వాత గానీ ఆలోచన రాదు. ఖాలా సాసర్లో మిగిలిన టీ తాగింది. "నీ ఇల్లు బేటీ, నీ ఇష్టం" అంది. కోపం లేదు. మర్నాడు కూడా వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. మళ్లీ ఏదీ జరపమని మాత్రం చెప్పలేదు. పెద్దదైపోయింది, ఓపిక తగ్గింది అనుకున్నాను.

ఇక ఆ జుమ్మా రోజు. ఆడవాళ్లు లోపలి గదిలో కూర్చున్నారు. ఖాలాకు స్నానం చేయించడానికి చోటు కావాలని కోడలు మంచం పక్కనున్నవి ఒక్కొక్కటే తీస్తోంది. పైన అరలో మడిచి ఉన్నదాన్ని రెండు చేతులతో కిందికి దించి, కళ్లకద్దుకుని, నా పక్కన ఉన్న కుర్చీలో పెట్టింది. మడత ఊడింది. ఎర్రటి మఖ్మల్. వంపు తిరిగిన గుమ్మం. గొలుసుకు దీపం. మోకాళ్లు ఆనే రెండు చోట్ల, నుదురు తగిలే చోట నూలు అరిగి తెల్లబడి ఉంది.

"గిదేంది చెల్లె?" అన్నాను.

"అమ్మీ జానమాజ్, అక్కా. దీని మీదనే నమాజ్ చదివేది. అయిపోంగనే మడిచి పైన పెడ్తుండె, కింద అసలు ఉంచనియ్యకపోతుండె."

ఆమెకు నా ముఖం చూస్తే అర్థమైంది. నా మోచేతి మీద చెయ్యి వేసింది. "నీకు చెప్పొద్దన్నది అక్కా. వాళ్లకెరుక లేదు, చెప్తె గా పిల్ల మొకం చిన్నగయితది అన్నది. మీ ఇంటికెళ్లి ఒచ్చినప్పుడల్ల, 'ఇయ్యాల జర పక్కకు జరిపిచ్చిన' అని మురిసేది. గా గోడకు ఎక్కిస్తె సాలు, ఇగ నాకు ఫికర్ లేదనేది."

నేను అక్కడ ఏడ్చాను. అందరూ ఖాలా కోసం అనుకున్నారు. ఖాలా కోసం కాదని కాదు. కానీ ఎక్కువ భాగం సిగ్గుతోనే ఏడ్చాను. మా హాలు ఇంత అందంగా సర్దింది, ఒక్కో లైటూ ఆలోచించి పెట్టింది, ఆ సర్దుళ్లన్నిటి మధ్య ఆమె మనసు నా కాళ్ల కిందే ఉందన్న మాట. ఒక్క మాట చెప్తే అయిపోయేది. నా ముఖం చిన్నబోకూడదని ఆ ఒక్క మాట చెప్పకుండా సోఫాలు మోసింది, మోకాళ్ల నొప్పులతో, దాన్ని తొక్కకుండా హాలంతా చుట్టి తిరిగింది. నేను దాన్ని కాళ్లు తుడుచుకునేది అన్నాను.

ఇంటికి వచ్చి మా తివాచీని నేనే ఉతికాను. పప్పుచారు మరక పోయేదాకా రుద్దాను. మిద్దె మీద ఆరేసి, ఆరాక మడిచి, రెండు చేతులతో పట్టుకుని ఎదురింటికి పోయాను. గుమ్మంలో నిలబడి దాన్ని ముందుకు చాచాను. అంత నోరూ ఎటు పోయిందో. కోడలు అందుకుని కళ్లకద్దుకుంది. అదే వేళకు అజాన్ వినపడింది. ఆమె దాన్ని ఖాలా మంచం ఉండే చోట పరిచి, నా ముందే నమాజుకు నిలబడింది. నేను వెనక నిలబడి చూశాను. గుమ్మం పైకి ఉంది, దీపం గొలుసుకు నిటారుగా వేలాడుతోంది. అప్పుడు తెలిసింది, మా సోఫాలో కూర్చుంటే ఆ దీపం ఇన్నేళ్లూ తలకిందులుగానే కనపడేదని. దీపం బొమ్మ అని ఊరంతా చెప్పుకున్న నాకు అది కూడా తోచలేదు.

ఆమె నమాజయ్యాక, "నీ దగ్గరనే ఉంచు చెల్లె, నువ్వు చదువుకో" అని చెప్పి వచ్చేశాను.

ఈ సెలవుకు మా ఆయన వచ్చినప్పుడు అంతా చెప్పాను. ఆయన లేచి పోయి ఆ గోడ దగ్గర నిలబడ్డాడు. సున్నం వేసేవాళ్లు వచ్చే వారం వస్తారని గుర్తు చేస్తే, "గా ఒక్క గోడ ఇడిచిపెట్టుమను" అన్నాడు.

పొద్దు గూకగానే హాల్లో చిన్న లైట్లన్నీ వేస్తాను, ఖాలా పెట్టిన వరసలోనే. చివరికి ఆ గోడ లైటు. వచ్చినవాళ్లు ఉత్త గోడకు లైటెందుకని అడుగుతారు. ఉత్త గోడ కాదు. పసుపు వెలుగు పైనుంచి జారి పడితే, తలుపు దగ్గర మొదలై సోఫా దాకా, నడుమెత్తున, ఒకదాని పక్కన ఒకటి, ఆమె అరచేతి మరకలు కనపడతాయి.