ఎనిమిదితో భాగిస్తే

ఆర్మూర్ మార్కెట్ యార్డు వెనక సందులో మహిళా రైతుల సంఘానికి చిన్న రేకుల ఆఫీసు ఉంది. ఈ ఏడు పసుపు తవ్వకాలు మొదలైన వారంలో అక్కడి నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"అన్నా, జర జల్ది రా. ఫైబరాయన మమ్ముల మోసం జేసిండు" అంది సంఘం అధ్యక్షురాలు. నందిపేట్ వైపు పల్లెలో పసుపు, మక్కలు పండించే మనిషి ఆమె. నాకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు.

నేను వెళ్లేసరికి కొత్త కనెక్షన్ పెట్టిన కేబులాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఆరబెట్టిన పసుపు వీడియోలు దూరపు వ్యాపారులకు పంపుదామని వాళ్లు పెట్టించుకున్న ఇంటర్నెట్ లైను అది.

"నూరు అని చెప్పి వెట్టిండు. గీడ సూడు, పన్నెండే సూపెడ్తుంది" అంటూ ఆమె కంప్యూటర్ తెర మీద వేలు పెట్టింది. ఏదో వీడియో డౌన్‌లోడ్ అవుతోంది. పన్నెండు, పన్నెండున్నర, మళ్లీ పన్నెండు.

"లైను మంచిగనే ఉంది సార్. ఎట్ల జెప్పినా ఇంటలేరు" అన్నాడు కేబులాయన, ఏడుపు ముఖంతో.

నాకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాను. ఇదే తప్పు ఒకప్పుడు నేను ఆమె ముందే చేశాను.

అప్పట్లో బస్టాండు దగ్గర నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను, ఒక మోడెమ్. మోడెమ్ మీద యాభై ఆరు కె అని రాసి ఉండేది. ఆమె ఒక మధ్యాహ్నం వచ్చింది. పెళ్లయిన కొత్తలోనే మస్కట్‌కు పనికి పోయిన భర్త ఈమెయిల్‌లో ఫోటో పంపాడట. మనిషిని చూసి ఏడాదిన్నర అయిందట.

"ఎంతసేపు వడ్తదన్నా? బయట ఆటో ఆపి వచ్చిన" అంది.

ఫోటో ఒక ఎంబీ ఉంది. సెకనుకు యాభై ఆరు కేబీ చొప్పున మనసులోనే భాగించి, "ఇరవై సెకన్లు" అన్నాను ధీమాగా.

ఇరవై సెకన్లకు ఒక తెల్లటి గోడ, దాని మీద గడియారం మాత్రం వచ్చాయి. నిమిషం దాటాక జుట్టు కనపడింది. తర్వాత నుదురు. బయట ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ మిగతావాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆమె కదలలేదు. కళ్లు వచ్చాక "సన్నగైండు" అంది మెల్లగా. గడ్డం దగ్గరికి వచ్చేసరికి లైను తెగింది. మళ్లీ డయల్ చేసి, మళ్లీ గోడ నుంచి మొదలుపెట్టాను. మొత్తం ఫోటో తెర మీదికి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది.

"తప్పు చెప్పిన చెల్లె, నా లెక్క తప్పింది" అన్నాను తల దించుకుని.

"గట్లేం లేదన్నా. నిమ్మలంగ సూసిన, మంచిగనే ఉండె" అంది. ఇంకో ఆటో వచ్చేదాకా తెర ముందే కూర్చుంది.

ఆ సాయంత్రమే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో నాకు తెలిసిన ఇంజనీరును అడిగాను. మోడెమ్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో చూపుతారు, ఎనిమిది బిట్లయితే ఒక బైటు అన్నాడాయన. అదీ కాక మన లైన్ల మీద యాభై ఆరు ఎన్నడూ రాదు, ముప్పై వస్తే గొప్ప అన్నాడు. ఉత్సాహం వచ్చి కాగితం మీద ఒక పట్టిక కూడా గీశాడు. అద్దపు తీగ లైన్లలో, అంటే ఫైబర్‌లో, మొదటి మెట్టు పేరు ఓసీ-1, సెకనుకు 51.84 మెగాబిట్లు. నా మోడెమ్‌లు తొమ్మిది వందల ఇరవై ఐదు కలిపినా దానికి కొంచెం తక్కువే.

"గంత లైను మన ఆర్మూర్‌ల ఎవలికి గావాలె?" అన్నాడాయన. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు సంఘం గోడకున్న బోర్డు మీద నూరు అని రాశాను. "ఇది మెగాబిట్లు. తెర మీదది మెగాబైట్లు. ఎనిమిదితో భాగించు చెల్లె" అన్నాను. ఆమె ఫోన్‌లో నొక్కి చూసింది.

"పన్నెండున్నర" అంది. కేబులాయన వైపు తిరిగింది. "తమ్మీ, తప్పైంది. కూసో, చాయ్ తాగు."

అతను గోడ వదిలి కుర్చీలో కూలబడ్డాడు. చాయ్ వచ్చేలోపు ఆమె నన్ను పట్టుకుంది. "నీ అప్పటి డబ్బకు, గీ లైనుకు ఎంత ఫరక్ అన్నా?"

డబ్బా మీద రాసిన యాభై ఆరుతో భాగిస్తే పదిహేడు వందల ఎనభై ఐదింతలు. నిజంగా వచ్చిన ముప్పైతో భాగిస్తే మూడు వేలు దాటింది. ఇంజనీరు చెప్పిన ఓసీ-1లు దాదాపు రెండు ఈ రేకుల గదిలోకి వచ్చి పడ్డాయన్నమాట. ఆ మాట చెబుతుంటే నా గొంతులో, ఏదో నేనే తెచ్చి పెట్టినట్టు, గర్వం వినపడింది.

అప్పటి నుంచి బుధవారం బుధవారం అక్కడికి వెళ్లి వాళ్లకు కంప్యూటర్ నేర్పుతున్నాను. పోయిన వారం బాల్కొండ నుంచి కొత్తగా చేరిన ఒక పెద్దమ్మ బోర్డు మీద నేను రాసిన 'బిట్టు', 'బైటు' చూసి నన్ను నిలదీసింది.

"కిలోకు, క్వింటాలుకు మేం ఏర్వేరు పేర్లు వెట్టుకున్నం. మీరు రెండిటికి ఒక్క తీర్గ పేరు వెట్టి మమ్ముల ఆగం జేస్తరెందుకు బిడ్డా?"

అందరితో కలిసి నేనూ నవ్వాను. తర్వాత బోర్డు మీద 'బైటు' అన్న మాటను మాత్రం ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాశాను.